ఫ్రీ రాడికల్స్‌ని తినేసే బిళ్ళ ఎందుకు బెడిసికొట్టింది

ఫిన్లాండ్‌లో 1985 నుంచి 1993 దాకా ఒక పెద్ద ట్రయల్ నడిచింది. 50 నుంచి 69 ఏళ్ళ మధ్య మగవాళ్ళు, అందరూ సిగరెట్ తాగేవాళ్ళే, మొత్తం 29,133 మంది. కొందరికి రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ (క్యారెట్లకి రంగునిచ్చే పదార్థం), కొందరికి 50 మిల్లీగ్రాముల విటమిన్ ఈ, కొందరికి రెండూ, మిగతావాళ్ళకి మందు లేని ఉత్త బిళ్ళ ఇచ్చారు, ఎవరికి ఏది పడుతోందో మింగేవాళ్ళకీ తెలీదు ఇచ్చేవాళ్ళకీ తెలీదు. దీని వెనకున్న లెక్క చాలా సింపుల్. కూరగాయలు, పళ్ళు బాగా తినేవాళ్ళకి, రక్తంలో బీటా కెరోటిన్ ఎక్కువున్నవాళ్ళకి లంగ్ క్యాన్సర్ తక్కువని అప్పటికే చాలా సర్వేల్లో కనపడింది, బీటా కెరోటిన్ ఏమో యాంటీఆక్సిడెంట్, అంటే ఫ్రీ రాడికల్స్‌ని ఆపే పదార్థం, సిగరెట్ పొగ నిండా ఫ్రీ రాడికల్స్, కాబట్టి దాన్నే బిళ్ళ చేసి ఇస్తే క్యాన్సర్ తగ్గాలి కదా. 1994 ఏప్రిల్‌లో రిజల్ట్ బయటికొచ్చింది. బీటా కెరోటిన్ మింగినవాళ్ళలో లంగ్ క్యాన్సర్ 18 శాతం ఎక్కువొచ్చింది, చావులు కూడా 8 శాతం ఎక్కువ. విటమిన్ ఈ లంగ్ క్యాన్సర్‌ని ఏమీ ఆపలేదు.

ఇది జరిగి ముప్ఫై ఏళ్ళు దాటింది. అయినా ఇప్పటికీ టీ పొడి నుంచి ఫేస్ క్రీమ్ దాకా ప్యాకెట్ మీద యాంటీఆక్సిడెంట్ అని ఉంటే చాలు, మంచిదే అయ్యుంటుందిలే అని కొనేస్తారు. "ఫ్రీ రాడికల్స్ అనేవి శత్రువులు, యాంటీఆక్సిడెంట్స్ వాటిని చంపేస్తాయి, ఎంత ఎక్కువ తీసుకుంటే అంత మంచిది" అనే మూడు ముక్కల కథ జనంలో అంత గట్టిగా పాతుకుపోయింది. మూడు ముక్కల్లో మొదటిది సగమే నిజం, రెండోది ఒంట్లో చాలా తక్కువ చోట్ల నిజం, మూడోది తప్పు.

అసలు రాడికల్ అంటే జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు, అంతే. ఎలక్ట్రాన్లు మామూలుగా జంటలుగా ఉంటాయి, ఒంటరిగా మిగిలిన ఎలక్ట్రాన్ ఉన్న అణువు పక్కదాని దగ్గర్నించి ఒకటి లాక్కోవాలని చూస్తుంది, లాక్కుంటే ఆ పక్కది రాడికల్ అవుతుంది. 1900లో మిషిగన్ యూనివర్సిటీలో మోసెస్ గోంబర్గ్ మొదటిసారి ఇలాంటిదాన్ని ల్యాబ్‌లో పట్టుకున్నాడు, అప్పటికి అది పూర్తిగా కెమిస్ట్రీ వాళ్ళ గొడవ, ఒంటితో సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. తమాషా ఏంటంటే మనం పీల్చే ఆక్సిజన్ కూడా ఒకరకంగా రాడికలే, దానికి జత లేని ఎలక్ట్రాన్లు రెండున్నాయి, కానీ అవి ఉన్న తీరు వల్ల అది ఒకేసారి రెండు ఎలక్ట్రాన్లు తీసుకోలేదు, ఒక్కోటే తీసుకోవాలి, అందుకే నెమ్మదిగా ఉంటుంది. ఆ నెమ్మదితనం లేకపోతే గాల్లో ఏ జీవీ మిగలదు.

కణం లోపల మైటోకాండ్రియాలో ఈ ఆక్సిజన్‌కి నాలుగు ఎలక్ట్రాన్లు ఇచ్చి ఒళ్ళు దాన్ని నీళ్ళుగా మారుస్తుంది, ఆ దారిలో వచ్చే శక్తితో ఏటీపీ, అంటే కణం తన పనులకి శక్తి కోసం వాడుకునే అణువు, తయారవుతుంది. ఏటీపీ అంటే మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తురావాలి, 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో దాన్ని కనిపెట్టినవాళ్ళలో ఆయన ఒకరు. సరే, నాలుగు ఎలక్ట్రాన్లు వరసగా ఎక్కాలి గదా, మధ్యలో ఎక్కడో ఒకటి జారి ఆక్సిజన్‌కి ఒక్కటే తగులుకుంటే సూపరాక్సైడ్ పుడుతుంది. పీల్చిన ఆక్సిజన్‌లో 1 నుంచి 2 శాతం ఇలా లీకవుతుందని చాలా పుస్తకాల్లో ఉంటుంది, కానీ అది కణం నుంచి విడదీసిన మైటోకాండ్రియాకి ల్యాబ్‌లో ఆక్సిజన్ దండిగా ఇచ్చి కొలిచినప్పటి లెక్క, బతికున్న ఒంట్లో అంతకన్నా చాలా తక్కువే ఉంటుంది.

సూపరాక్సైడ్ నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ వస్తుంది. అది అంత ప్రమాదమేం కాదు, కానీ పక్కన విడిగా తిరిగే ఇనుము ఉంటే దాంతో కలిసి హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది, ఇదీ అసలు రాక్షసి. పుట్టిన చోటే, సెకనులో వంద కోట్లో వంతు టైంలో, ఎదురుగా ఏముంటే దాన్ని కొట్టేస్తుంది, డీఎన్ఏ అయితే డీఎన్ఏ, ప్రొటీన్ అయితే ప్రొటీన్, కొవ్వు అయితే కొవ్వు.

కొవ్వు మీద పడినప్పుడు ఏమవుతుందో వంటింట్లో రోజూ చూస్తూనే ఉంటాం, పేరు తెలీదంతే. పాత నూనె ముక్కిన వాసన రావడం, వేరుశనగ పప్పులు నిలవుంటే చేదెక్కడం, ఇవన్నీ కొవ్వులో రాడికల్ చైన్ రియాక్షన్లే. ఒక కొవ్వు అణువు పాడై పక్కదాన్ని పాడు చేస్తుంది, అది దాని పక్కదాన్ని, ఎక్కడో ఒకచోట ఆపేది రాకపోతే అలా పోతూనే ఉంటుంది. చిప్స్ ప్యాకెట్ల వెనకా, పామాయిల్ ప్యాకెట్ల మీదా చిన్న అక్షరాల్లో యాంటీఆక్సిడెంట్ 319 అని ఉండేది ఈ చైన్‌ని తెంపడానికే. మన పెద్దవాళ్ళు ఆవకాయకి పప్పు నూనె తప్ప ఇంకోటి ఒప్పుకోకపోవడానికి రుచి ఒక కారణమైతే, నువ్వుల్లో సహజంగా ఉండే సెసమాల్ లాంటి పదార్థాల వల్ల ఆ నూనె తొందరగా పాడవకపోవడం ఇంకో కారణం. బజ్జీల బండి మీద మూకుడులో పొద్దున్నించి మరిగే నూనె ఈ ఆక్సిడేషన్‌తోనే నల్లబడి, చిక్కబడి, పొగలు కక్కుతుంది, అందుకే 2018 జులై నుంచి మన ఫుడ్ సేఫ్టీ అథారిటీ నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (మరిగి మరిగి నూనె పాడైతే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటితే వాడకూడదని రూల్ పెట్టింది. ఆ రూల్ ఎంతమంది పాటిస్తున్నారో బజ్జీ తినే ప్రతివాళ్ళకీ తెలుసు.

ఇప్పుడు నూనె డబ్బాలో యాంటీఆక్సిడెంట్ వేస్తే పనిచేస్తుంది, అది కెమిస్ట్రీ, అందులో డౌటు లేదు. కథ దారి తప్పింది ఎక్కడంటే, మనిషి ఒళ్ళు కూడా నూనె డబ్బాలాంటిదే అనుకోవడంలో.

దానికి దారి వేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేం కాదు. 1954లో రెబెకా గెర్ష్‌మన్ అనే అర్జెంటీనా సైంటిస్టు, ఆక్సిజన్ ఎక్కువైతే వచ్చే విషమూ, ఎక్స్‌రే రేడియేషన్ వల్ల జరిగే నష్టమూ రెండూ ఒకే దారిలో, అంటే రాడికల్స్ ద్వారానే జరుగుతున్నాయని రాసింది. 1956లో డెన్‌హమ్ హార్మన్ ఇంకో అడుగు ముందుకేసి ముసలితనమే ఈ రాడికల్స్ చేసే నష్టం పోగవడం అన్నాడు, ఆయన డాక్టరవ్వక ముందు షెల్ ఆయిల్ కంపెనీలో కెమిస్టు, రాడికల్స్‌తో బాగా పరిచయం ఉన్న మనిషి. చాలామంది పట్టించుకోలేదు. 1969లో డ్యూక్ యూనివర్సిటీలో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు సూపరాక్సైడ్‌ని తీసెయ్యడానికే ఒంట్లో ఒక ఎంజైమ్ ఉందని చూపించారు, సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, షార్ట్‌గా ఎస్ఓడీ. ఒంట్లో దాన్ని తీసేసే ఏర్పాటు ఉందంటే అది ఒంట్లో పుడుతున్నట్టే కదా, దాంతో ఈ రంగం ఒక్కసారిగా లేచింది. 1985లో హెల్మట్ సీస్ ఆక్సిడేటివ్ స్ట్రెస్ అన్న మాటని స్థిరపరిచాడు, పుట్టే ఆక్సిడెంట్లకీ వాటిని అదుపు చేసే శక్తికీ మధ్య బ్యాలెన్స్ తప్పడం అని. ఇందులో ఉన్నది బ్యాలెన్స్ అన్న మాట, శత్రువు అన్న మాట కాదు. అడ్వర్టైజ్‌మెంట్లలోకి వచ్చేసరికి బ్యాలెన్స్ పోయి శత్రువు మిగిలాడు.

ఒంటికి ఉన్న రక్షణ ఏంటో చూస్తే విటమిన్ బిళ్ళలు ఎక్కడుంటాయో తెలుస్తుంది. ముందు వరసలో ఉన్నవి ఎంజైములు. ఎస్ఓడీ సూపరాక్సైడ్‌ని పెరాక్సైడ్‌గా మారుస్తుంది, విటమిన్ సి కూడా సూపరాక్సైడ్‌తో రియాక్ట్ అవుతుంది గానీ ఎస్ఓడీ దానికన్నా వేల రెట్లు స్పీడు, పోటీయే లేదు. తర్వాత ఆ పెరాక్సైడ్‌ని కెటలేజ్, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు నీళ్ళుగా మార్చేస్తాయి. దెబ్బ మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే తెల్లగా నురగ వస్తుందే, అది మన రక్తంలో, కణాల్లో ఉన్న కెటలేజ్ పనిచెయ్యడం వల్ల వచ్చే ఆక్సిజన్ బుడగలు. ఎస్ఓడీకి రాగి, జింకు, మాంగనీసు కావాలి, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌కి సెలీనియం కావాలి, కెటలేజ్‌కి ఇనుము కావాలి. గ్లూటాథయోన్ అనేది మూడు అమైనో ఆసిడ్లతో కణం తనంతట తానే తయారు చేసుకునేది, బయట్నించి కొనక్కర్లేదు, సరిపడా ప్రొటీన్ తింటే చాలు. రక్తంలో అయితే యూరిక్ యాసిడ్ కూడా పెద్ద యాంటీఆక్సిడెంటే, అవును, కీళ్ళ నొప్పులకి తిట్టుకునే ఆ యూరిక్ యాసిడే. యాంటీఆక్సిడెంట్ అయినంత మాత్రాన ఎక్కువుంటే మంచిది కాదనడానికి దాన్ని మించిన ఉదాహరణ దొరకదు.

మరి హైడ్రాక్సిల్ రాక్షసి సంగతి? దానికి ఎంజైమ్ ఏదీ లేదు. అది పుట్టిన చోటే పక్కనున్న అణువుని కొట్టేస్తుంది కాబట్టి దాన్ని ఏ విటమినూ పరిగెత్తి పట్టుకోలేదు, పట్టుకోవాలంటే కణంలో ఉన్న మిగతా అణువులన్నిటికన్నా ఆ విటమినే ఎక్కువుండాలి, అది జరిగే పని కాదు. అందుకని ఒళ్ళు చేసేది దాన్ని పుట్టనివ్వకపోవడం, పెరాక్సైడ్‌ని ముందే తీసెయ్యడం, ఇనుముని విడిగా తిరగనివ్వకుండా ఫెర్రిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ లాంటి ప్రొటీన్లలో బంధించి ఉంచడం. తలసీమియా పిల్లలకి పదేపదే రక్తం ఎక్కించడం వల్ల ఇనుము ఈ ప్రొటీన్లు పట్టలేనంత పోగై గుండెకీ లివర్‌కీ నష్టం చేస్తుంది, అక్కడ డాక్టర్లు ఇచ్చేది ఇనుముని బయటికి లాగే మందులు. అక్కడ విటమిన్ సి ఎక్కువిస్తే ఇనుము ఇంకా కదిలి గుండెకే ప్రమాదం.

ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉత్త మార్కెటింగ్ మాట అని దీనర్థం కాదు. అది నిజంగా ఎలా ఉంటుందో చూడాలంటే జీ6పీడీ లోపం చూడాలి. ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు, గ్లూటాథయోన్‌ని మళ్ళీ మళ్ళీ వాడుకునేలా రీచార్జ్ చెయ్యడానికి దానికున్న ఒకే దారి జీ6పీడీ అనే ఎంజైమ్. ప్రపంచంలో 40 కోట్లమందికి పైగా పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపం ఉంది, మలేరియా ఎక్కువున్న చోట్ల ఇది ఎక్కువ, ఎందుకంటే ఈ లోపం మలేరియా నుంచి కొంత కాపాడుతుంది. జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది కాబట్టి ఎక్కువగా మగవాళ్ళలో బయటపడుతుంది. వీళ్ళు మామూలుగా బాగానే ఉంటారు, కానీ వైవాక్స్ మలేరియాకి 14 రోజులు ఇచ్చే ప్రైమాక్విన్ పడితేనో, ఫావా బీన్స్ అనే ఒకరకం చిక్కుళ్ళు తింటేనో (మన చిక్కుడుకాయ కాదు) రక్తకణాలు పగిలిపోయి కళ్ళు పచ్చబడి, యూరిన్ కోలా రంగులోకి వస్తుంది. ఏజెన్సీ ఏరియాల్లో మలేరియా వైద్యం చేసేవాళ్ళకి ఇది పుస్తకాల సంగతి కాదు. ఇంకోటి, మన ఇళ్ళల్లో బీరువాలో బట్టల మధ్య పెట్టే కలరా ఉండలు, అంటే నాఫ్తలీన్, ఆ బట్టలే తీసి అలాగే పసిబిడ్డకి చుడితే జీ6పీడీ లోపం ఉన్న బిడ్డకి రక్తం విరిగి కామెర్లు రావచ్చు. పాత మెత్తటి చీరలో చుట్టడం మన అలవాటు, తప్పేం లేదు, ఉతికి బాగా ఎండలో ఆరేసి వాడాలి.

ఇంతకన్నా ఘోరమైనది పారాక్వాట్, పొలాల్లో కొట్టే గడ్డి మందు. ఇది ఒంట్లోకి పోతే కణంలో ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కి ఇచ్చేస్తుంది, సూపరాక్సైడ్ పుడుతుంది, తను మళ్ళీ ఖాళీ అయి ఇంకో ఎలక్ట్రాన్ తీసుకుంటుంది, అలా ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఊపిరితిత్తుల కణాలు దాన్ని పనిగట్టుకుని లోపలికి లాక్కుంటాయి కాబట్టి నష్టమంతా అక్కడ. ఆక్సిజన్ ఎక్కువ పెడితే విషానికి మేత వేసినట్టే, అందుకే మరీ పడిపోతే తప్ప పెట్టరు. అచ్చంగా ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటే ఇదే, ఇక్కడైనా యాంటీఆక్సిడెంట్లు పనిచెయ్యాలి కదా, విటమిన్ సి, విటమిన్ ఈ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ అన్నీ వాడి చూశారు, నమ్మకంగా పనిచేసే విరుగుడు మాత్రం ఈరోజుకీ లేదు.

అదే ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇంకోచోట ప్రాణం నిలబెడుతుంది. పారాసెటమాల్ మోతాదు మించితే లివర్‌లో ఒక విష పదార్థం పుట్టి గ్లూటాథయోన్ మొత్తం ఖాళీ చేస్తుంది, టైంకి హాస్పిటల్‌కి చేరిస్తే ఈ మందు ఇస్తారు, అది గ్లూటాథయోన్ మళ్ళీ తయారవ్వడానికి ముడిసరుకు. ఇక్కడ పని చెయ్యడానికి కారణం స్పష్టంగా ఉంది, ఒక నిర్దిష్టమైన లోటు ఏర్పడింది, అదే లోటుని భర్తీ చేశారు. ఈ మాట గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే ట్రయల్స్ అన్నీ వాటంతటవే అర్థమైపోతాయి.

దానికి ముందు ఇంకో వైపు కూడా చూడాలి, రాడికల్స్ ఒంటికి పనికొచ్చే వైపు. తెల్ల రక్తకణాల్లో న్యూట్రోఫిల్స్ బ్యాక్టీరియాని మింగాక కావాలనే సూపరాక్సైడ్ తయారు చేసి దాని మీద కుమ్మరిస్తాయి, 1973లోనే ఇది తేలింది. ఆ సూపరాక్సైడ్ తయారుచేసే ఎంజైమ్ లేకుండా పుట్టిన పిల్లలకి ఉండే జబ్బుని క్రానిక్ గ్రాన్యులోమాటస్ డిసీజ్ అంటారు, చీముగడ్డలు, నిమోనియా, ఫంగస్ ఇన్‌ఫెక్షన్లు వదలకుండా వస్తూనే ఉంటాయి. రక్తనాళాలు వదులయ్యేలా చేసే నైట్రిక్ ఆక్సైడ్ కూడా రాడికలే, అది ఒంట్లో చేసే ఈ పనిని కనిపెట్టినందుకు 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారు. ఎక్సర్‌సైజ్ చేసినప్పుడు కండరాల్లో రాడికల్స్ పెరుగుతాయి, ఆ పెరగడమే కండరానికి సిగ్నల్, "ఇంకా మైటోకాండ్రియా కావాలి, నా సొంత ఎంజైములు పెంచుకోవాలి" అని. 2009లో జర్మనీలో మైకేల్ రిస్టో బృందం యువకులతో నాలుగు వారాలు ఎక్సర్‌సైజ్ చేయించి కొందరికి రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, 400 యూనిట్ల విటమిన్ ఈ ఇచ్చింది. బిళ్ళలు వేసుకోనివాళ్ళకి ఇన్సులిన్ పనితీరు మెరుగైంది, వేసుకున్నవాళ్ళకి ఆ లాభం కనపడలేదు. జిమ్ బ్యాగులో షేకర్ పక్కన విటమిన్ డబ్బా పెట్టుకునేవాళ్ళు చదవాల్సిన పేపర్ అది.

ముసలితనం రాడికల్స్ వల్లే అన్న డెన్‌హమ్ హార్మన్ థియరీకి కూడా గట్టి దెబ్బలు తగిలాయి. ఎస్ఓడీ, కెటలేజ్ ఎక్కువ తయారయ్యేలా మార్చిన ఎలుకలు మామూలు ఎలుకలకన్నా ఎక్కువేం బతకలేదు. ఆఫ్రికాలో భూమి లోపల ఉండే నేకెడ్ మోల్ ర్యాట్ అనే జంతువు ముప్ఫై ఏళ్ళు పైన బతుకుతుంది, అదే సైజు ఎలుక మూడు నాలుగేళ్ళకి మించదు, తీరా చూస్తే మోల్ ర్యాట్ ఒంట్లో ఆక్సిడేటివ్ నష్టం తక్కువ కూడా కాదు.

కానీ ఈ లోపల లైనస్ పాలింగ్ వచ్చాడు. రెండు నోబెల్ ప్రైజులు ఎవరితోనూ పంచుకోకుండా తీసుకున్న మనిషి, 1954లో కెమిస్ట్రీకి, 1962లో శాంతికి, అలాంటివాడు 1970లో విటమిన్ సి గ్రాముల కొద్దీ వేసుకుంటే జలుబు రాదు అంటే ఎవరు కాదంటారు. ఆయన స్వయంగా రోజుకి 18 గ్రాముల దాకా వేసుకునేవాడు. ఆ తర్వాత జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే రోజూ విటమిన్ సి వేసుకునే పెద్దవాళ్ళకి జలుబు రావడం తగ్గలేదు, వచ్చిన జలుబు దాదాపు 8 శాతం ముందు తగ్గింది, అంటే వారం జలుబులో సగం రోజు. నిజానికి రోజుకి 200 మిల్లీగ్రాముల దగ్గరే రక్తమూ కణాలూ దాదాపు నిండిపోతాయి, పైన వేసేది చాలావరకు యూరిన్‌లో పోతుంది, కొంత ఆక్సలేట్‌గా మారి కిడ్నీలో రాళ్ళకి పనికొస్తుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం రోజుకి మగవాళ్ళకి 80, ఆడవాళ్ళకి 65 మిల్లీగ్రాములు చాలు, 100 గ్రాముల జామకాయలో 200 దాకా ఉంటుంది. ఒక మామూలు సైజు జామకాయ, ఉప్పూ కారం జల్లి ఇచ్చినా సరే.

ఇక ట్రయల్స్. ఫిన్లాండ్ రిజల్ట్ ఏదో పొరపాటు అనుకున్నవాళ్ళు చాలామంది ఉన్నారు. అమెరికాలో కేరెట్ అనే ఇంకో ట్రయల్ అప్పటికే నడుస్తోంది, సిగరెట్ తాగేవాళ్ళు, మానేసినవాళ్ళు, ఆస్బెస్టాస్‌లో పనిచేసినవాళ్ళు కలిపి 18,314 మంది, రోజుకి 30 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్, దాంతోపాటు విటమిన్ ఏ. 1996 జనవరిలో, అనుకున్న టైంకన్నా 21 నెలల ముందే, దాన్ని ఆపెయ్యాల్సొచ్చింది, లంగ్ క్యాన్సర్ 28 శాతం, చావులు 17 శాతం ఎక్కువ. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. అదే టైంలో 22,071 మంది అమెరికన్ డాక్టర్లలో సగంమంది పన్నెండేళ్ళు బీటా కెరోటిన్, మిగతావాళ్ళు ఉత్త బిళ్ళ వేసుకున్న ట్రయల్ కూడా ముగిసింది, వాళ్ళలో సిగరెట్ తాగేవాళ్ళు తక్కువ, అక్కడ లాభమూ లేదు నష్టమూ లేదు. తర్వాత 35,533 మంది మగవాళ్ళతో ప్రోస్టేట్ క్యాన్సర్ ఆగుతుందేమోనని విటమిన్ ఈ, సెలీనియం ఇచ్చి చూశారు, 2011లో తేలింది విటమిన్ ఈ ఒక్కటే వేసుకున్నవాళ్ళలో ఆ క్యాన్సర్ 17 శాతం ఎక్కువని. 2012లో కోక్రేన్ సంస్థ 78 ట్రయల్స్, దాదాపు 2 లక్షల 97 వేలమంది లెక్క కలిపి చూసి, యాంటీఆక్సిడెంట్ బిళ్ళలు ఆయుష్షు పెంచవు, బీటా కెరోటిన్, విటమిన్ ఈ బహుశా తగ్గిస్తాయి అని తేల్చింది.

పొగ తాగేవాళ్ళలోనే ఎందుకు బెడిసికొట్టింది అన్నదానికి ఒక సమాధానం ఫెరెట్ అనే ముంగిసలాంటి జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో దొరికింది. బీటా కెరోటిన్ ఊపిరితిత్తుల్లో, ఆక్సిజన్ ఎక్కువున్న చోట, పొగలోని రాడికల్స్ తగిలి తనే ఆక్సిడైజ్ అయి ముక్కలవుతుంది, ఆ ముక్కలు కణాలు సరిగ్గా ఎదగడానికి కావల్సిన విటమిన్ ఏ సిగ్నల్‌ని చెడగొడతాయి. ఒక్క దమ్ములో వచ్చే రాడికల్స్ ఒకటి పక్కన 15 సున్నాలు పెట్టినంత, దాని ముందు ఏ బిళ్ళయినా ఎంత. యాంటీఆక్సిడెంట్ అనేది ఒక పదార్థానికి శాశ్వతంగా ఇచ్చిన బిరుదు కాదు, ఎలక్ట్రాన్ ఇచ్చాక అది కూడా ఏదో ఒకటి అవుతుంది, ఏమవుతుంది అన్నది చుట్టూ ఉన్న పరిస్థితి మీద ఆధారపడుతుంది. క్యాన్సర్ కణాలకి కూడా ఆక్సిడేటివ్ స్ట్రెస్ కష్టమే, 2014లో స్వీడన్‌లో ఎలుకలకి విటమిన్ ఈ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ ఇస్తే ఊపిరితిత్తుల గడ్డలు ఇంకా వేగంగా పెరిగాయి, అంటే కాపాడింది గడ్డనన్నమాట. కీమో, రేడియేషన్ జరుగుతున్నవాళ్ళకి చుట్టాలు ప్రేమగా తెచ్చిచ్చే సప్లిమెంట్ డబ్బాలు ముందు ఆంకాలజిస్టుకి చూపించమనేది అందుకే.

అయితే దీనికి పూర్తిగా ఎదురు రిజల్ట్ కూడా ఒకటుంది, దాన్ని దాచిపెట్టడం న్యాయం కాదు. చైనాలో లిన్‌షియన్ అనే ప్రాంతం, పళ్ళూ కూరలూ సరిగ్గా దొరకని బీద ప్రాంతం, కడుపు, అన్నవాహిక క్యాన్సర్లు విపరీతం. అక్కడ 29,584 మందిలో సగంమందికి బీటా కెరోటిన్, విటమిన్ ఈ, సెలీనియం కలిపి అయిదేళ్ళు పైన ఇస్తే వాళ్ళలో మొత్తం చావులు 9 శాతం, కడుపు క్యాన్సర్ చావులు 21 శాతం తగ్గాయి, 1993లో వచ్చిన రిజల్ట్ ఇది, ఫిన్లాండ్‌కి ఒక్క ఏడాది ముందు. మన దగ్గర కూడా ఇలాంటిది జరిగింది. ఉత్తరాంధ్రలో ఆడవాళ్ళు చుట్ట వెలిగించిన కొసని నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు, అంగిలి మీద మచ్చలొచ్చి కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 1990ల్లో అలాంటి మచ్చలున్నవాళ్ళకి ఏడాదిపాటు విటమిన్ ఏ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం ఇచ్చి చూస్తే, ఉత్త బిళ్ళ తీసుకున్నవాళ్ళకన్నా వీళ్ళలో మచ్చలు చాలా ఎక్కువమందికి తగ్గాయి.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే వైరుధ్యం ఏం లేదు. లిన్‌షియన్‌లోనూ ఉత్తరాంధ్ర పల్లెల్లోనూ ఉన్నది లోటు, ఇచ్చింది ఆ లోటు పూడ్చే డోసు, సెలీనియం లేక ఆగిన ఎంజైముకి సెలీనియం దొరికింది. ఫిన్లాండ్‌లో, అమెరికాలో కడుపునిండా తింటున్న మనుషులకి, ఎంత క్యారెట్ తిన్నా రక్తంలో చేరనంత డోసు ఇచ్చారు. సప్లిమెంట్లు మంచివా చెడ్డవా అని అడిగితే ఎవరికి, ఏది తక్కువై, ఎంత అని ఎదురడగాలి. ఈ ప్రశ్న అడగని బిళ్ళలన్నీ వ్యాపారమే.

మరి కూరగాయలు తినేవాళ్ళు ఆరోగ్యంగా ఉన్న మాట నిజం కదా అంటే, నిజమే, ఇప్పటికీ నిజమే. కానీ అందులో బీటా కెరోటిన్ ఒక గుర్తు మాత్రమే, ఆకుకూర తినే మనిషి పీచు తింటాడు, పొటాషియం తింటాడు, బజ్జీలు కాస్త తక్కువ తింటాడు. పళ్ళకీ మసాలాలకీ యాంటీఆక్సిడెంట్ మార్కులు వేసే ఓరాక్ అనే టెస్టు లిస్టుని అమెరికా వ్యవసాయ శాఖ 2012లో తన వెబ్‌సైట్ నుంచి తీసేసింది, టెస్ట్ ట్యూబులో వచ్చిన మార్కులకీ ఒంట్లో జరిగేదానికీ సంబంధం చూపించలేకపోతున్నారని, కంపెనీలు వాటిని యాడ్లకి వాడుకుంటున్నాయని. టీలో, ఉల్లిపాయలో, గోంగూరలో ఉండే పాలీఫినాల్స్ రక్తంలోకి చేరేది చాలా కొంచెం, ఆ కొంచెం నేరుగా రాడికల్స్‌తో కుస్తీ పట్టదు. వీటిలో చాలా వాటిని ఒళ్ళు స్వల్పమైన విషంలాగే చూస్తుంది, చూసి ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రొటీన్ ద్వారా తన సొంత ఎంజైములని పెంచుకుంటుంది. అంటే ఆ ఆహారం పనిచేసేది మన రక్షణని తట్టి లేపడం వల్ల. ఎక్సర్‌సైజ్‌లో జరిగేదీ ఇదే.

పసుపు గురించి చెప్పకపోతే తెలుగువాళ్ళు ఊరుకోరు. నిజామాబాద్, దుగ్గిరాల యార్డుల నుంచి దేశమంతా పోయే పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతం, అది పేగుల్లోంచి రక్తంలోకి చేరేది నామమాత్రం. ల్యాబ్ టెస్టుల్లో మాత్రం అది ప్రతి రోగానికీ పనిచేసినట్టు కనపడుతుంది, ఎందుకంటే అది దొరికిన ప్రొటీన్‌కల్లా అతుక్కుంటుంది, స్వయంగా మెరుస్తుంది, దాంతో టెస్టే మోసపోతుంది, 2017లో వచ్చిన ఒక పెద్ద రివ్యూ ఇదే చెప్పింది. కూరలో పసుపుకి వచ్చిన లోటేం లేదు, హాయిగా వేసుకోవచ్చు. మిరియాల సారం కలిపి శోషణ పెంచామని అమ్మే కర్కుమిన్ బిళ్ళలు వేరే వస్తువు, వాటితో లివర్ దెబ్బతిన్న కేసులు కొన్ని దేశాల్లో నమోదయ్యాయి.

బిళ్ళగా పనిచేసిన చోటు ఒకటుంది, వయసు మీద పడ్డాక కంటి రెటీనా మధ్యభాగం దెబ్బతినే మాక్యులర్ డీజనరేషన్. విటమిన్ సి, విటమిన్ ఈ, బీటా కెరోటిన్, జింకు కలిపి ఇస్తే, అప్పటికే మధ్య దశలో ఉన్నవాళ్ళకి అది ముదిరే అవకాశం 25 శాతం తగ్గిందని 2001లో అమెరికా నేషనల్ ఐ ఇన్‌స్టిట్యూట్ ట్రయల్ చూపించింది. 2013లో అదే ట్రయల్ రెండో విడతలో బీటా కెరోటిన్ తీసేసి దాని జాతివే అయిన లూటీన్, జియాజాంథిన్ అనే రంగు పదార్థాలు పెట్టారు, సిగరెట్ తాగేవాళ్ళకి ఫిన్లాండ్‌లో జరిగింది మళ్ళీ జరక్కూడదని. జబ్బు లేనివాళ్ళు, కళ్ళు బాగుండాలని ముందుజాగ్రత్తగా వేసుకుంటే లాభం ఉన్నట్టు తేలలేదు.

ఈ మధ్య పెళ్ళిళ్ళ సీజన్ వస్తే గ్లూటాథయోన్ ఇంజెక్షన్లు, విటమిన్ సి డ్రిప్పులు అని సిటీల్లో కొత్త వ్యాపారం, ఒళ్ళు తెల్లబడుతుంది, డీటాక్స్ అవుతుంది అని. తెల్లబడటానికి గ్లూటాథయోన్ ఇంజెక్షన్‌ని అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించలేదు, పైగా జాగ్రత్త అని హెచ్చరించింది. విటమిన్ సి మామూలు డోసులో యాంటీఆక్సిడెంటే, కానీ గ్రాముల లెక్కన నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని పుట్టిస్తుంది, అంటే పని రివర్స్. మామూలు మనిషి తట్టుకుంటాడు, జీ6పీడీ లోపం ఉన్నవాళ్ళకి ఆ డ్రిప్పే రక్తకణాలు పగలడానికి చాలు, అలా సీరియస్ అయిన కేసులు మెడికల్ జర్నల్స్‌లో ఉన్నాయి. అందుకే పెద్ద డోసు విటమిన్ సి ఎక్కించే ముందు జీ6పీడీ రక్తపరీక్ష చెయ్యాలని డాక్టర్లు చెప్తారు. బ్యూటీ పార్లర్ పక్క గదిలో డ్రిప్ స్టాండ్ పెట్టుకుని కూర్చున్నవాళ్ళని ఆ టెస్ట్ రిపోర్ట్ అడగండి.